ఈసుకుపోవు రోగము, ఇంట వదలని జ్వరము: బ్రూసెల్లా వ్యాధిని పోల్చుకొనుట

బర్రె నెలలు నిండక మునుపే ఈసుకుపోయినచో రైతు పశువుల డాక్టరుకు కబురు చేయును. ఇంటిలో మనిషికి జ్వరము వచ్చినచో దవాఖానకు పోవును. ఈ రెండు సంగతులు ఒకే చెవిని పడుట అరుదు. పశువుల డాక్టరు ఇంటిలోని రోగిని చూడడు. మనుషుల డాక్టరు కొట్టమును చూడడు. రెంటిని చూచువాడు రైతు ఒక్కడే. బ్రూసెల్లా అను సూక్ష్మజీవి పశువులలో ఈసుకుపోవు రోగమును, ఆ పశువుల వలననే మనుషులలో నెలల తరబడి వదలని జ్వరమును కలుగజేయును. ఈ వ్యాధిని పోల్చుకొనుటకు రక్త పరీక్షలు కలవు. కాని ఆ పరీక్ష వ్రాయవలెనని డాక్టరుకు తోచవలెనన్నచో, కొట్టములో జరిగినది ఆయనకు ముందుగా తెలియవలెను.

పెద్ద అంబర్‌పేట్ వంటి ఊళ్లలో ఈ మాటకు మరింత విలువ కలదు. విజయవాడ రహదారి బాహ్యవలయ రహదారిని కలియు ఈ తావున పొలములు అనేకము ప్లాట్లుగా మారినవి. అయినను పాడి పూర్తిగా పోలేదు. ప్రహరీ గోడల నడుమ రేకుల కొట్టములలో బర్రెలు కట్టి, మూసీ ఒడ్డున పెరిగిన పారా గడ్డి కోసి తెచ్చి మేపి, తెల్లవారకముందే పాలు పితికి హయత్‌నగర్, ఎల్‌.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు కాలనీలకు పంపువారు ఇంకను కలరు. ఇట్టి ఇంటి మనిషికి జబ్బు చేసినచో పట్నపు ఆసుపత్రికే పోవును. అక్కడి డాక్టరు "ఏం పని చేస్తరు?" అని అడుగును. "ఆటో నడుపుత సారు" అని ఇతడు చెప్పును. ఆ మాట నిజమే. కాని తెల్లవారుజామున నాలుగు గంటలకు మూడు బర్రెల పాలు పితికి, ఆ తరువాత ఆటో ఎక్కు మనిషి అని డాక్టరుకు ఎట్లు తెలియును? చెప్పిన సగముతో డాక్టరు వెదకినచో మలేరియా, టైఫాయిడ్, క్షయ మాత్రమే తోచును. వ్యాధి చెప్పని సగములో దాగియుండును.

రోగము బయటపడిన చరిత్ర

ఈ క్రిమిని మొదట పట్టినది మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపమున. అక్కడి బ్రిటిషు సిపాయిలకు వచ్చి చాల కాలము పీడించు జ్వరముతో చనిపోయిన వారి ప్లీహము నుండి 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు దీనిని వేరుచేసెను. ఆయన పేరు మీదనే బ్రూసెల్లా అను పేరు వచ్చినది. క్రిమి దొరకినను అది ఎక్కడినుండి వచ్చుచున్నదో మరి పదునెనిమిది సంవత్సరముల వరకు తెలియలేదు. నీటిని, గాలిని, దోమలను అనుమానించిరి. 1905లో థెమిస్టాక్లెస్ జమిత్ అను మాల్టా వైద్యుడు మేకల రక్తమును పరీక్షించెను. ఆ మేకలు చూపునకు నిగనిగలాడుచు, మేత మేయుచు, పాలిచ్చుచు ఉండెను. రక్తములో మాత్రము రోగపు ఆనవాలు కనబడెను. అదే సంవత్సరము మాల్టా మేకలను అమెరికాకు తీసుకొనిపోయిన ఒక ఓడలో, దారిలో ఆ మేకల పాలు త్రాగిన నావికులలో అనేకులకు ఈ జ్వరము వచ్చినది. 1906లో సిపాయిలకు మేకపాలు ఇచ్చుట మాన్పించగనే వారిలో జ్వరములు బాగుగా తగ్గిపోయినవి.

ఈ చరిత్రలో రైతు గమనింపవలసినది ఒకటి కలదు. మేకలు ఆరోగ్యముగా కనబడినవి. కంటిచూపుతో ఈ రోగమును నిర్ణయింపరాదని అప్పుడే తేలినది.

1897వ సంవత్సరము ఈ విషయములో విశేషమైనది. ఆ సంవత్సరముననే డెన్మార్కు దేశమున బెర్న్‌హార్డ్ బాంగ్ అను పశువైద్యుడు ఆవులు ఈసుకుపోవుటకు కారణమైన క్రిమిని కనుగొనెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో రైట్ అను వైద్యుడు మాల్టా జ్వరమును రోగి రక్తరసముతో పోల్చుకొను పరీక్షను ప్రకటించెను. మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినది కూడ 1897 ఆగస్టు 20వ తేదీననే. నల్లకుంటలో మన వారు కోరంటి దవాఖాన అని పిలుచు జ్వరాల ఆసుపత్రికి ఆయన పేరే పెట్టబడినది. రాస్ పేరు పట్నమున అందరికి తెలియును. బాంగ్, రైట్ పేర్లు తెలిసినవారు తక్కువ. అట్లే జ్వరము అనగనే దోమ తోచును గాని కొట్టము తోచదు.

మేక క్రిమి, ఆవు క్రిమి దగ్గరి చుట్టములని 1918లో అమెరికాలో ఆలిస్ ఈవాన్స్ అను స్త్రీ శాస్త్రజ్ఞురాలు ప్రకటించినప్పుడు చాలమంది నమ్మలేదు. పచ్చి ఆవుపాలు కూడ అపాయకరమనుట పాల వ్యాపారులకు రుచింపలేదు. 1922లో ప్రయోగశాలలో ఆమెకే ఈ వ్యాధి సోకెను. జ్వరము వచ్చుచు పోవుచు సంవత్సరముల తరబడి ఆమెను పీడించెను. ఆనవాలు దొరకనందున అది దేహపు రోగము కాదు, మనసు బలహీనత అని వైద్యులు తేల్చిరి. 1928లో ఆమెకు శస్త్రచికిత్స జరిగినప్పుడు శరీరములోని పుండ్ల నుండి ఈ క్రిమి బయటపడినది. రోగమును గూర్చి ప్రపంచమునకు చెప్పిన మనిషి రోగమునే ఆరు సంవత్సరములపాటు నమ్మించలేకపోయినది! మన ఊళ్లలో "నొప్పులు నొప్పులు అని మూలుగుతడు, పనికి ఒళ్లు వంగదు" అని ఇంటివారు నిందించు మనుషులలో ఇట్టివారు లేరని ఎవరు చెప్పగలరు?

కొట్టములో కనబడు గుర్తులు

బర్రెలలో, ఆవులలో సాధారణముగా చూడి అయిదు నెలలు దాటిన తరువాత, అందును ఏడవ నెల మొదలుకొని, పశువు ఈసుకుపోవును. మేకలు, గొర్రెలలో చూడి చివరి రెండు నెలలలో ఇట్లు జరుగును. ఈసుకుపోయిన తరువాత మాయ పడక నిలిచిపోవును. గర్భకోశమునకు చీము పట్టి, పశువు మరల ఎదకు వచ్చుట ఆలస్యమగును. కొన్ని పశువులకు మోకాళ్లపై నీటితిత్తి వంటి వాపు కనబడును. కోడెలకు, పొట్టేళ్లకు వృషణములు వాచును.

ఇచట రైతులు పొరబడు సంగతి ఒకటి కలదు. ఒకసారి ఈసుకుపోయిన పశువు తరువాతి ఈతలో తరచు నెలలు నిండిన దూడనే వేయును. "రోగము పోయినది" అని రైతు సంతోషించును. రోగము పోలేదు. ఆ పశువు ఈనిన ప్రతిసారి ఉమ్మనీరులో, మాయలో క్రిములు కోట్లకొలది వచ్చును. పాలలో కూడ వచ్చుచునే యుండును. ఇంతకంటె చెడ్డది, ఈసుకుపోయిన బర్రెను పాలమీద ఉండగనే సంతలో అమ్మివేయుట. కొనువాడు పొదుగును చూచును, పండ్లను చూచును, ఈతలు అడుగును. ఈసుకుపోయిన సంగతి అడుగడు, అడిగినను నిజము చెప్పువారు కొద్దిమంది. ఒక కొట్టములోని రోగము ఇట్లు తాడుతో సహా ఇంకొక కొట్టమునకు నడచిపోవును.

పశువు ఈసుకుపోవుటకు ఇదొక్కటే కారణము కాదు. దెబ్బలు, విషపు మేత, ఇతర క్రిములు కూడ కారణములగును. కాని ఒకే కొట్టములో కొద్ది నెలలలో రెండు పశువులు చివరి నెలలలో ఈసుకుపోయినను, క్రొత్తగా కొన్న పశువు వచ్చిన తరువాత ఇట్లు జరిగినను, దిష్టి అనియు, మేత దోషమనియు సరిపెట్టుకొనక పరీక్ష చేయింపవలెను.

మనిషికి అంటు దారులు

మొదటి దారి చేయి. మాయ పడని బర్రెకు వట్టి చేతులతో మాయ లాగు అలవాటు మన ఊళ్లలో కలదు. చేతిపై గడ్డి కోసినప్పటి చిన్న గీతలు చాలును, క్రిమి లోనికి పోవుటకు. ఉమ్మనీరు కంటిలో చిందినను, ఆరిన మాయ దుమ్ము ముక్కులోనికి పోయినను అంటును. కొన్ని ఊళ్లలో మాయను గడ్డిలో చుట్టి మర్రి వంటి పాల చెట్టుకు వ్రేలాడగట్టుదురు, పాలు సమృద్ధిగా వచ్చునని నమ్మకము. ఆరోగ్యముగల పశువు మాయ విషయమెట్లున్నను, ఈసుకుపోయిన పశువు మాయను ఇట్లు కట్టిన యెడల కాకులు, కుక్కలు దానిని ఊరంతటికి పంచిపెట్టును. కొందరు పెంటకుప్పపై పారవేయుదురు. అదియు ఇంతే.

రెండవ దారి పచ్చిపాలు. పొదుగు నుండి అప్పుడే పితికిన గుమ్మపాలు బలమని పిల్లలకు త్రావించువారు ఉన్నారు. మేకపాలు కాచకుండ త్రాగిన దగ్గు తగ్గునను నమ్మకము కొన్ని చోట్ల కలదు. పొంగు వచ్చునట్లు కాచిన పాలలో ఈ క్రిమి బ్రతుకదు. కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగునకు, మజ్జిగకు, టీకి భయము లేదు. జున్ను కూడ బాగుగా ఉడికినచో దోషము లేదు. మన వంటింటి అలవాటు ఈ విషయములో మనకు మేలు చేయుచున్నది. కాలనీలలో పాలు పోయించుకొనువారు కాచియే వాడుదురు గనుక, కీడు ముఖ్యముగా పాలు పితుకు వారికి, మాయ తీయు వారికి, మేకలు కోయు వారికి, పశువైద్య సిబ్బందికి. మనిషి నుండి మనిషికి అంటుట చాల అరుదు. కనుక రోగిని దూరముగా పెట్టవలసిన పని లేదు.

మనిషిలో రోగ లక్షణములు

క్రిమి సోకిన తరువాత సాధారణముగా ఒకటి మొదలు నాలుగు వారములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలకు రోగము బయటపడును. సాయంకాలము జ్వరము పెరుగును, తెల్లవారుసరికి చెమట పట్టి దుప్పటి తడిసిపోవును. పగలు మనిషి తిరుగుచునే యుండును. కొన్ని రోజులు జ్వరము తగ్గి, మరల వచ్చును. ఈ హెచ్చుతగ్గుల వలననే దీనికి అలల జ్వరమను పేరు కూడ కలదు. నడుము, తుంటి, మోకాళ్లు నొప్పిపుట్టును. ఆకలి చచ్చును, బరువు తగ్గును, మనసు దిగులుపడును. కొందరు పురుషులకు ఒకవైపు వృషణము వాచి నొప్పి చేయును. సిగ్గుపడి ఈ సంగతి దాచుదురు. గర్భిణీ స్త్రీలకు గర్భస్రావము కావచ్చును. అరుదుగా గుండె కవాటములకు, మెదడు పొరలకు పట్టి ప్రాణాపాయము కలిగించును. సంవత్సరము దాటినను వదలనిచో దానిని దీర్ఘవ్యాధి అందురు.

ఈ లక్షణములలో ఒక్కటియు బ్రూసెల్లాకే ప్రత్యేకమైనది కాదు. అందుచేత పోలిక తప్పుట సహజము. మన ప్రాంతమున జ్వరము రాగానే విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అని చెప్పుట పరిపాటి. ఒక్కమారు చేసిన విడాల్ పరీక్ష నమ్మదగినది కాదు. టైఫాయిడ్ మందు వారము పది రోజులు వాడి, జ్వరము మరల వచ్చినచో, అదే మందు మరల కొనక, మొదటి నిర్ణయము సరియైనదా అని డాక్టరును అడుగవలెను.

క్షయతో పొరపాటు ఇంకను చిక్కైనది. చెమటలు, బరువు తగ్గుట, వెన్నెముక నొప్పి రెండింటిలోను ఉండును. పోలికగా చెప్పవలెనన్నచో బ్రూసెల్లా నడుము భాగపు ఎముకలను, క్షయ అంతకంటె పైభాగమును ఎక్కువగా పట్టును. ఇది ఖచ్చితమైన గీత కాదు. చిక్కు ఎక్కడనగా, క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ అను మందు బ్రూసెల్లా పైనను పనిచేయును. క్షయ అని తలచి మందు మొదలుపెట్టగా రోగికి కొంత నెమ్మది కలుగును, అందరును నిర్ణయము సరియైనదే అనుకొందురు. అయినను ఇది చదివి క్షయ మందు ఎవ్వరును తమంతట తాము మానరాదు. కొట్టము సంగతి డాక్టరుకు చెప్పి, ఈ పరీక్ష కూడ చేయుమని కోరవలెను.

రక్త పరీక్షలు ఎట్లు చేయుదురు, ఎట్లు చదువవలెను

క్రిమి శరీరములో ప్రవేశించినప్పుడు, దానిని ఎదుర్కొను ప్రతిరక్షకములు రక్తములో పుట్టును. రక్తమును గడ్డకట్టనిచ్చిన తరువాత పైకి తేలు పసుపుపచ్చని రసములో ఇవి యుండును. రోజ్ బెంగాల్ పరీక్షలో ఈ రసపు బొట్టును, గులాబిరంగు పట్టించిన చచ్చిన క్రిముల బొట్టును పలకపై కలిపి నాలుగు నిమిషములు ఆడింతురు. ప్రతిరక్షకములు ఉన్నచో పాలు విరిగినట్లు పలుకులు పలుకులుగా విరుగును. లేనిచో కలిపినది నునుపుగా నిలిచియుండును. పశువులకు, మనుషులకు ఇదే పరీక్ష పనికివచ్చును. ఇది జల్లెడ వంటిది. జల్లెడలో నిలిచిన దానిని మరొక పరీక్షతో సరిచూడవలెను.

ఆ రెండవది గొట్టపు పరీక్ష. 1897లో రైట్ చూపిన పద్ధతి ఇదే. రక్తరసమును ఒక్కొక్క గొట్టములో రెట్టింపు పలుచన చేయుచు పోయి, ఎంత పలుచన వరకు క్రిములు ముద్దకట్టునో చూతురు. జ్వర లక్షణములున్న మనిషికి 160 వంతులకు, అంతకంటె ఎక్కువకు పలుచన చేసినను ముద్దకట్టినచో బ్రూసెల్లా అని గట్టిగా అనుమానింతురు. రెండు వారముల తరువాత మరల చేయగా అంకె నాలుగురెట్లు పెరిగినచో అనుమానము దాదాపు తీరును. ఇందులో ఒక వింత కలదు. ప్రతిరక్షకములు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు మొదటి గొట్టములలో ముద్ద కట్టక, పలుచన చేసిన గొట్టములలోనే కట్టును. తొలి రెండు గొట్టములు మాత్రమే చూచి "లేదు" అని వ్రాసినచో రోగి మోసపోవును. తెలిసిన ప్రయోగశాల చివరి గొట్టము వరకు పోవును.

దీర్ఘవ్యాధిలో చిక్కు పెరుగును. మొదట పుట్టు ప్రతిరక్షకములు తగ్గిపోయి, తరువాత పుట్టునవి మాత్రము మిగులును. వీనిలో కొన్ని క్రిమిని పట్టుకొనును గాని ముద్దకట్టించవు. అందుచేత గొట్టపు పరీక్షలో అంకె తక్కువగా రావచ్చును. అట్టి సమయమున ఎలీసా పరీక్ష, కూంబ్స్ పరీక్ష, తొలి రకమును విరుగగొట్టి మలి రకమును మాత్రమే కొలుచు మెర్కాప్టోఇథనాల్ పరీక్ష పనికివచ్చును. వెన్నెముక నొప్పి ఉన్నచో దాని ఫొటో తీయుట అవసరమగును.

అన్నిటికంటె గట్టి సాక్ష్యము రక్తము నుండి గాని, ఎముక మూలుగ నుండి గాని క్రిమిని పెంచి చూపుట. మూలుగలో క్రిమి దొరకు అవకాశము ఎక్కువ. ఈ క్రిమి నిదానముగా పెరుగును. యంత్రములు వచ్చిన తరువాత కొన్ని రోజులలోనే తెలియుచున్నను, పాత పద్ధతిలో కొన్ని వారములు ఆగవలెను. దీర్ఘవ్యాధిలో చాలమారులు దొరకనే దొరకదు. క్రిమి పెరుగలేదన్న మాత్రమున రోగము లేదని కాదు. ఇచట ఒక ధర్మము కలదు. ప్రయోగశాలలో ఈ క్రిమి గాలిలో కలిసి పనిచేయువారికి సులభముగా అంటును. ఆలిస్ ఈవాన్స్‌కు సోకినది ప్రయోగశాలలోనే. కనుక నమూనా ఇచ్చునప్పుడు "పశువుల రోగమని అనుమానము" అని చీటీపై వ్రాయుమని డాక్టరును కోరవలెను.

కాగితముపై "ఉన్నది" అని వచ్చినంత మాత్రమున రోగమున్నట్లు కాదు. ఏండ్ల తరబడి పశువుల మధ్య పనిచేసిన వారి రక్తములో పాత ప్రతిరక్షకములు ఉండవచ్చును. వేరొక క్రిమి వలన కూడ ఈ పరీక్ష పొరబడవచ్చును. చికిత్స ముగిసి మనిషి బాగుపడిన తరువాత కూడ నెలల కొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల కొలది ఈ గుర్తు నిలిచియుండును. అప్పుడు కాగితమునకు మందు వాడరాదు. అట్లే "లేదు" అని వచ్చినను, జ్వరము క్రొత్తదైనచో రెండు వారములకు మరల చేయింపవలెను. జ్వరము, కాగితము, కొట్టము ఈ మూడింటిని కలిపి చదివినప్పుడే నిర్ణయము.

నిర్ణయమైన తరువాత చికిత్స కలదు, మందులు మన ఆసుపత్రులలో దొరకును. సాధారణముగా డాక్సీసైక్లిన్ ఆరు వారములు, దానితోపాటు రిఫాంపిసిన్ ఆరు వారములు గాని, స్ట్రెప్టోమైసిన్ సూదులు రెండు మూడు వారములు గాని ఇత్తురు. వెన్నెముకకు పట్టినచో మూడు నెలలు, అంతకు మించియు పట్టవచ్చును. గర్భిణులకు, చిన్నపిల్లలకు మందులు వేరు. ఒక్క మందుతో చికిత్స చేసిన రోగము మరల తిరుగబెట్టును. వారము పది రోజులలో జ్వరము దిగిపోవును, మనిషికి ఆకలి వేయును, పొలములో పని పిలుచును. అప్పుడు మిగిలిన మాత్రలు గూటిలో పెట్టువారే ఎక్కువ. తిరుగబెట్టిన రోగము సాధారణముగా ఆరు నెలలలోపల కనబడును. అందుచేత మందు అయిపోయిన తరువాత కూడ డాక్టరు చెప్పిన తేదీలకు పోవుచుండవలెను.

పశువుల పరీక్ష

పాల వలయ పరీక్ష అను సులువైన పద్ధతి ఒకటి కలదు. కొంచెము పాలలో రంగు పట్టించిన చచ్చిన క్రిముల చుక్క వేసి, ఒంటి వేడిమిలో గంటసేపు ఉంచుదురు. రోగపు పాలైనచో పైకి తేలిన మీగడ నీలిరంగు వలయముగా ఏర్పడి క్రింది పాలు తెల్లబడును. మంచి పాలైనచో మీగడ తెల్లగా, పాలు రంగుగా నుండును. మంద మొత్తపు పాలను ఒకేమారు చూచుటకు ఇది అనువైనది. పొదుగువాపు పాలు, ముర్రుపాలు, వట్టిపోవు దశలోని పాలు ఈ పరీక్షను తప్పుదారి పట్టించును. మేకపాలకు, గొర్రెపాలకు ఇది నమ్మదగినది కాదు. బర్రెపాలలో అనుమానము వచ్చినను, విడివిడిగా ప్రతి పశువు రక్తమును చూచియే తేల్చవలెను.

రక్త పరీక్షలోను కొన్ని మెలకువలు కలవు. ఈసుకుపోయిన రోజుననే తీసిన రక్తములో గుర్తు కనబడకపోవచ్చును. రెండు మూడు వారములకు మరల తీయింపవలెను. రోగపు తల్లికి పుట్టిన పెయ్య పరీక్షలో "లేదు" అని వచ్చుచుండి, తన మొదటి ఈతలో బయటపెట్టుట కూడ కలదు. క్రొత్తగా కొన్న పశువును నెలరోజులు వేరుగా కట్టి, మొదటను చివరను పరీక్షింపవలెను. అది చూడిదైనచో ఈనిన రెండు మూడు వారములకు మరియొకమారు చూపవలెను.

టీకా వేసిన పశువులో టీకా వలననే గుర్తు కనబడవచ్చును. ఎస్-19 అను బ్రతికిన టీకాను పెయ్య దూడలకు నాలుగు నెలల నుండి ఎనిమిది నెలల లోపల ఒక్కమారు వేయుదురు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమమున గాలికుంటు టీకాతోపాటు దీనిని కూడ చేర్చిరి. ఆ వయస్సులో వేసిన టీకా గుర్తు క్రమముగా మాసిపోవును. వయస్సు మీరిన తరువాత వేసినచో ఏండ్లు నిలిచి పరీక్షను పాడుచేయును. కోడెలకు, చూడి పశువులకు ఈ టీకా వేయింపరాదు. టీకా వేసిన తేదీని, చెవిపోగుపై ఉన్న పన్నెండంకెల సంఖ్యను ఒక పుస్తకములో వ్రాసిపెట్టవలెను. టీకా వేయునప్పుడు సూది మనిషి చేతికి గ్రుచ్చుకొన్నచో, అది బ్రతికిన క్రిమి గనుక వెంటనే డాక్టరుకు చూపించుకొనవలెను.

పశువు ఈసుకుపోయినప్పుడు పిండమును, మాయను నమూనాకై సంచిలో వేసి బండిమీద తీసుకొనిపోరాదు. పశువైద్యుని అక్కడికే పిలువవలెను. కావలసినది ఆయనే తీసి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపును. మిగిలినది లోతైన గోతిలో సున్నము వేసి పూడ్చవలెను. గడ్డి కాల్చివేసి, నేలను బ్లీచింగు నీటితోనో ఫినాయిలుతోనో కడుగవలెను. రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ లేనిదే ఎవ్వరును ముట్టరాదు. గర్భిణులను, పిల్లలను ఆ చాయలకు రానీయరాదు. రోగమున్నదని తేలిన పశువును వేరుగా కట్టి, చివరగా పాలు పితుకవలెను. పశువులలో చికిత్సకు నమ్మదగిన ఫలితము లేదు, దానికై డబ్బు వ్యయము చేయుట వ్యర్థము. 2009వ సంవత్సరపు పశు అంటువ్యాధుల చట్టము ప్రకారము అనుమానము కలిగినచో గ్రామాధికారికి తెలుపుట యజమాని బాధ్యత. పశువు ధర పోవునను భయము సహజమే. ఒక్క బర్రె ధర ఎంత పెద్దదో మాకు తెలియును. కాని ఆరు నెలలు మంచమెక్కిన మనిషి కూలి, దవాఖాన ఖర్చు కూడ ఆ పద్దులోనే వ్రాసికొనవలెను.

దవాఖానకు తీసుకొనిపోవలసిన చీటీ

వనస్థలిపురము ప్రాంతీయ ఆసుపత్రికి పోయినను, నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి పోయినను, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఏ ప్రైవేటు డాక్టరు వద్దకు పోయినను, జ్వరము రెండు వారములు దాటినచో ఒక చీటీ వ్రాసి తీసుకొనిపోవుట మంచిది. రద్దీలో డాక్టరు అడుగుటకును, రోగి చెప్పుటకును వ్యవధి ఉండదు. జ్వరము మొదలైన తేదీ, సాయంకాలపు జ్వరము, చెమట, నొప్పి ఎక్కడెక్కడ, ఇదివరకు వాడిన మందుల పేర్లు వ్రాయవలెను. ఆ క్రిందనే కొట్టములో పశువులెన్ని, గత సంవత్సరములో ఏది ఏ నెలలో ఈసుకుపోయినది, మాయ ఎవరు తీసిరి, చేతికి తొడుగులుండెనా, ఇంటిలో పచ్చిపాలు త్రాగువారెవరు, పశువులకు పరీక్ష జరిగినదా, అదే ఇంటిలో ఇంకెవరికైనను ఇట్టి జ్వరము కలదా అనునవి వ్రాయవలెను. పాలు పితుకు పని ఇంటి ఆడవారిదైనచో ఆ మాటయు వ్రాయవలెను. తరచు జబ్బుపడునది వారే, దవాఖానకు చివర పోవునదియు వారే. పశువుల డాక్టరు ఇచ్చిన పరీక్ష కాగితము ఉన్నచో ఆ చీటీకి గుచ్చి ఇవ్వవలెను. మనిషి రక్త పరీక్ష ఫలితము వచ్చిన తరువాత దాని నకలు ఒకటి అడిగి తెచ్చి, పశువుల డాక్టరుకు కూడ చూపవలెను. ఆయన మిగిలిన మందను పరీక్షించుటకు అదియే ఆధారమగును.